స్పిన్ కరెంటు, స్పిన్-ఆర్బిట్ ముడి: బరంపురం పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం అయ్యేసరికి మా వసారాలో నలుగురైదుగురు డిగ్రీ, ఎమ్మెస్సీ పిల్లలు చేరతారు. కాలేజీలో పాఠం ఇంగ్లీషులో వింటారు, బయట టీ బండి దగ్గర ఒడియాలో వాదించుకుంటారు. ఎక్కడో బుర్రకెక్కనిది మాత్రం మా ఇంటికొచ్చి "ఇదేటి మేస్టారూ?" అని తెలుగులో అడుగుతారు. గంజాం, గజపతి జిల్లాల తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది మామూలే. ఘనపదార్థాల్లో స్పిన్ గురించి అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. వరసలో చదవక్కర్లేదు. తొందరలో ఉన్నవాళ్ళు స్పిన్ ఎంత దూరం పోతుందన్న ప్రశ్న ఒక్కటైనా చదవండి. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

స్పిన్ అంటే ఎలక్ట్రాన్ బొంగరంలా తిరగడమేనా మేస్టారూ?

కాదు. నేను కూడా ఒకప్పుడు వైవాలో అలాగే చెప్పాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు "అయితే దాని అంచు ఎంత వేగంతో తిరుగుతోంది బాబూ, లెక్క కట్టు" అన్నారు. చెమటలు పట్టాయి.

ఆ లెక్క మీరూ కట్టండి, మంచిది. ఎలక్ట్రాన్‌ని ఒక చిన్న గోళం అనుకోండి. పాత పుస్తకాలిచ్చే వ్యాసార్ధం 2.8 ఫెమ్టోమీటర్లు. దాని కోణీయ ద్రవ్యవేగం ప్లాంక్ స్థిరాంకాన్ని 2 పైతో భాగిస్తే వచ్చేదాంట్లో సగం కావాలి. అంత రావాలంటే గోళం అంచు కాంతి వేగానికి 170 రెట్లు వేగంగా తిరగాలి. ఐన్‌స్టీన్ ఒప్పుకోడు. కాబట్టి తిరిగే గోళం లేదు. కోణీయ ద్రవ్యవేగం మాత్రం ఉంది. అది ఎలక్ట్రాన్‌కి ఆవేశంలాగా, ద్రవ్యరాశిలాగా పుట్టుకతో వచ్చిన గుణం. ఏ దిక్కున కొలిచినా రెండే జవాబులిస్తుంది: అప్, డౌన్. 1922లో ష్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల ధారని అయస్కాంతం గుండా పంపితే అది రెండుగా చీలింది. దాని వెనక ఉన్నది స్పిన్ అని ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ 1925లో అన్నారు. 1928లో డిరాక్ సమీకరణంలోంచి అది ఎవరూ పెట్టకుండానే బయటికొచ్చింది.

తెలుగు పుస్తకాల్లో దీన్ని "భ్రమణం" అని రాస్తారు. నాకు నచ్చదు. పిల్లలకి వెంటనే బొంగరమే కళ్ళకి కడుతుంది. స్పిన్‌ని స్పిన్ అనే పిలుద్దాం.

స్పిన్ కరెంటంటే మామూలు కరెంటు కాదా?

ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చే బస్సులో పదిమంది తెలుగువాళ్ళు దిగారనుకోండి. అదే సమయానికి బరంపురం నుంచి ఇచ్ఛాపురం పోయే బస్సులో పదిమంది ఒడియావాళ్ళు వెళ్ళారు. ఊళ్ళో జనాభా లెక్క మారలేదు. కానీ ఊళ్ళో వినిపించే భాష మారింది. తెలుగు ఇటు వచ్చింది, ఒడియా అటు పోయింది. మనిషి లెక్కలో ప్రవాహం సున్నా, భాష లెక్కలో ప్రవాహం ఉంది.

లోహంలోనూ అంతే. అప్ స్పిన్ ఎలక్ట్రాన్లు కుడికి, అంతే సంఖ్యలో డౌన్ స్పిన్ ఎలక్ట్రాన్లు ఎడమకి పోతే ఆవేశం మొత్తంమీద కదల్లేదు. అమ్మీటరు సున్నా చూపిస్తుంది. స్పిన్ మాత్రం కుడివైపు పేరుకుంటోంది. దీన్ని శుద్ధ స్పిన్ కరెంటు అంటారు. అప్ ఎలక్ట్రాన్లు ఎక్కువ, డౌన్ తక్కువ ఉండి రెండూ ఒకేవైపు పోతే రెండు కరెంట్లూ కలిసి ఉంటాయి. ఇనుము, కోబాల్ట్ లాంటి అయస్కాంత లోహాల్లో జరిగేది ఇదే.

ఒకే తీగలో అప్, డౌన్ అనే రెండు ప్రవాహాలు పక్కపక్కన పోతుంటాయనీ, అవి అంత తొందరగా కలిసిపోవనీ నెవిల్ మాట్ 1936లో చెప్పాడు. గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న. రెండు భాషలు పక్కపక్కనే ప్రవహించే ఊళ్ళో ఉన్నవాళ్ళకి మాట్ మాట పట్టుకోవడం అంత కష్టం కాకూడదు.

స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ ఎక్కడ నుంచి వచ్చింది? అయస్కాంతమే లేదు కదా?

హుమ్మ ఉప్పు చిటికెడు తీసుకుని గ్యాసు పొయ్యి మంటలో చల్లండి. మంట పసుప్పచ్చగా భగ్గుమంటుంది. అది ఉప్పులోని సోడియం వెలుగు. కాలేజీ ల్యాబులో సోడియం దీపం పెట్టి గ్రేటింగ్‌తో చూసినవాళ్ళకి తెలుసు, అది ఒక గీత కాదు, జంట గీత. ఒకటి 589.0 నానోమీటర్ల దగ్గర, రెండోది 589.6 దగ్గర. ఈ 0.6 తేడాయే స్పిన్-ఆర్బిట్ ముడికి, అంటే కప్లింగ్‌కి, మనం కళ్ళతో చూడగలిగిన సాక్ష్యం.

ఆ తేడా ఎలా వస్తుందంటే, కేంద్రకానికి ధనావేశం ఉంది, దాని చుట్టూ బలమైన విద్యుత్ క్షేత్రం ఉంది. ఆ క్షేత్రంలో ఎలక్ట్రాన్ పరిగెడుతోంది. ఎలక్ట్రాన్ మీద కూర్చుని చూస్తే కేంద్రకమే తన చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. రైల్లో కూర్చుంటే కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెట్టినట్టే. తిరిగే ఆవేశం అంటే కరెంటు, కరెంటంటే అయస్కాంత క్షేత్రం. కాబట్టి బయట అయస్కాంతం పెట్టకపోయినా ఎలక్ట్రాన్‌కి తన కక్ష్య వల్లే ఒక అయస్కాంత క్షేత్రం తగులుతుంది. ఎలక్ట్రాన్ స్పిన్ ఒక చిన్న అయస్కాంతం కదా, అది ఈ క్షేత్రంతో ఒకే దిక్కున ఉంటే ఒక శక్తి, ఎదురు దిక్కున ఉంటే మరో శక్తి. సోడియం పసుపు గీత రెండుగా చీలడానికి కారణం ఇదే. ఆ చీలికని అయస్కాంత క్షేత్రంగా లెక్కేస్తే సుమారు 18 టెస్లాలు వస్తుంది. ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలది. చిటికెడు ఉప్పులోని ఒక్కో పరమాణువు లోపల దానికి ఎన్ని రెట్లో చూడండి.

ఈ వివరణలో ఒక చిన్న మోసం ఉంది, దాచను. రైలు పోలిక అచ్చంగా పెట్టి లెక్కేస్తే నిజానికి రెండింతలు వస్తుంది. ఎలక్ట్రాన్ తిన్నగా పోవడం లేదు, ఎప్పుడూ మలుపులోనే ఉంది కాబట్టి ఒక సగం తగ్గించాలి. ఆ సగాన్ని 1926లో థామస్ లెక్కగట్టాడు. పరీక్షలో అది మరిచిపోతే ఇద్దరు ముగ్గురికి మార్కులు పోయాయి, మీకు పోకూడదు.

భారీ మూలకాల్లోనే ఎందుకు ఎక్కువ?

సోడియం పరమాణు సంఖ్య 11, జంట గీతల మధ్య దూరం 0.6 నానోమీటర్లు. అదే కుటుంబంలో రుబీడియం, సంఖ్య 37, జంట 780, 795 నానోమీటర్ల దగ్గర, దూరం 15. సీజియం, సంఖ్య 55, జంట 852, 894 దగ్గర, దూరం 42. కేంద్రకంలో ఆవేశం పెరిగేకొద్దీ దాని దగ్గర విద్యుత్ క్షేత్రం పెరుగుతుంది, అక్కడ ఎలక్ట్రాన్ వేగమూ పెరుగుతుంది. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న పరమాణువుకైతే ఈ బలం పరమాణు సంఖ్య నాలుగో ఘాతంగా పెరుగుతుంది. మామూలు పరమాణువుల్లో లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని కప్పేస్తాయి కాబట్టి అంత వేగంగా పెరగదు. సిలికాన్‌లో వేలెన్స్ పట్టీల (పట్టీ అంటే బ్యాండు, ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తుల గుంపు) చీలిక 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, గాలియం ఆర్సెనైడ్‌లో 340. గది వేడి సుమారు 25. కాబట్టి ఇవి చిన్న సవరణలు కావు.

పక్కమాట ఒకటి. బంగారం పసుప్పచ్చగా ఎందుకుంటుందని ఓ అమ్మాయి అడిగింది. అది కూడా ఐన్‌స్టీన్ సాపేక్షత వల్లే, భారీ పరమాణువులో ఎలక్ట్రాన్లు బాగా వేగంగా పోవడం వల్లే. కానీ అందులో పెద్ద పాత్ర స్పిన్-ఆర్బిట్‌ది కాదు, దాని అన్నదమ్ముడిది. ఆ వేగం వల్ల కక్ష్యలు కుంచించుకోవడం, వ్యాకోచించడం వేరే సంగతి. రెండింటినీ కలిపి రాయకండి.

పుస్తకం ప్రకారం లెక్కేస్తే స్పిన్-ఆర్బిట్ చాలా చిన్నగా వస్తోంది. నేను ఎక్కడ తప్పాను?

లెక్క తప్పు కాదు, తీసుకున్న విద్యుత్ క్షేత్రం తప్పు. పర్లాకిమిడి కుర్రాడొకడు పట్టుకొచ్చిన లెక్క చూద్దాం. లోహంలో ఎలక్ట్రాన్ వేగం సెకనుకి పది లక్షల మీటర్లు. ఉపరితలం దగ్గర విద్యుత్ క్షేత్రం మీటరుకి కోటి వోల్టులు అన్నాడు, అది చాలా పెద్దదే. వేగాన్ని క్షేత్రంతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగిస్తే వచ్చింది టెస్లాలో పదివేలవ వంతు. భూమి అయస్కాంత క్షేత్రానికి రెండింతలు కంటే కాస్త ఎక్కువ, అంతే. దీనితో ఏం చేస్తాం?

వాడి తప్పేమిటంటే బయటి క్షేత్రాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాడు. నిజమైన పని అక్కడ జరగడం లేదు. ప్రతి పరమాణువు కేంద్రకం దగ్గర, ఆ ఇరుకు చోట, క్షేత్రం దీనికి ఎన్నో రెట్లు బలంగా ఉంది. ఎలక్ట్రాన్ తరంగం అక్కడ కొద్దిసేపే ఉన్నా ఆ కొద్దిసేపే చాలు. బయటి క్షేత్రం చేసే పని చిన్నది: కుడి ఎడమల సమానత్వాన్ని కొంచెం చెడగొడుతుంది. ఆ చిన్న చెడుపుని పరమాణువుల లోపలి బలం పెద్దది చేసి చూపిస్తుంది. ఖాళీ ప్రదేశంలో ఎలక్ట్రాన్‌కీ పాజిట్రాన్‌కీ మధ్య శక్తి తేడా సుమారు పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధవాహకంలో పట్టీల మధ్య తేడా ఒక ఎలక్ట్రాన్ వోల్టు. స్పిన్-ఆర్బిట్ సూత్రంలో ఈ తేడా కింద హారంలో ఉంటుంది. ఘనపదార్థంలో ఈ ప్రభావం అన్ని రెట్లు పెద్దదవడానికి దారి అదే. బంగారం ఉపరితలం మీద ఈ చీలికని 1996లో కొలిస్తే 110 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది.

స్పిన్ హాల్ ప్రభావం అంటే?

ముందు పాత హాల్ సంగతి. 1879లో ఎడ్విన్ హాల్ కరెంటు పోతున్న పలచని బంగారు రేకుని అయస్కాంతంలో పెట్టాడు. ఎలక్ట్రాన్లు ఒక పక్కకి ఒరిగాయి, అడ్డంగా వోల్టేజీ వచ్చింది. ఇప్పుడు అయస్కాంతం తీసేయండి. స్పిన్-ఆర్బిట్ బలంగా ఉన్న లోహంలో, ప్లాటినమ్ అనుకోండి, కరెంటు పంపండి. అప్ స్పిన్‌లు ఎడమకి ఒరుగుతాయి, డౌన్ స్పిన్‌లు కుడికి. స్టేషను బయటికి వచ్చే జనం గుమ్మం దగ్గర రెండుగా చీలినట్టు. రెండు పక్కలకీ సమానంగానే పోతారు కాబట్టి అడ్డంగా వోల్టేజీ రాదు. కానీ ఒక అంచున అప్, మరో అంచున డౌన్ పేరుకుంటాయి. కరెంటు దిక్కు, స్పిన్ పోయే దిక్కు, స్పిన్ చూసే దిక్కు, ఈ మూడూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. ఈ మూడు దిక్కులు పట్టుకుంటే సగం లెక్కలు అయిపోయినట్టే. చేతివేళ్ళతో చూపించుకోండి, సిగ్గుపడకండి.

ఇలా జరుగుతుందని 1971లో లెనిన్‌గ్రాడ్‌లో డ్యాకొనోవ్, పెరెల్ రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1999లో హిర్ష్ దాన్ని మళ్ళీ కనుక్కుని ఇప్పుడు మనం పిలిచే పేరు పెట్టాడు. 2004లో శాంటా బార్బరాలో కాటో, మైయర్స్, గోసార్డ్, అవ్‌షాలమ్ గాలియం ఆర్సెనైడ్ ముక్క అంచుల మీద కాంతిని పడేసి, అది తిరిగొచ్చేటప్పుడు దాని ధ్రువణం ఎంత తిరిగిందో చూసి, రెండు అంచుల్లో ఎదురెదురు స్పిన్‌లు ఉన్నాయని కళ్ళకి కట్టారు. ఊహకీ సాక్ష్యానికీ మధ్య 33 ఏళ్లు. దానికి కాస్త ముందే, 2003, 2004ల్లో, మలినాలతో గుద్దుకోవడం వల్ల కాదు, పట్టీల ఆకారం వల్లే స్పిన్‌లు ఒరుగుతాయని మురాకామి, నాగావోసా, ఝాంగ్ ఒకపక్క, సినోవా బృందం మరోపక్క చూపించారు. ఏ పదార్థంలో ఎంత మలినాల వంతు, ఎంత పట్టీల వంతు అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. ప్లాటినమ్‌లో పట్టీల వంతే ఎక్కువన్నది ఎక్కువమంది మాట.

దీనికి తిరగేసిన ఆట కూడా ఉంది. స్పిన్ కరెంటుని ప్లాటినమ్‌లోకి తోస్తే అది అడ్డంగా మామూలు వోల్టేజీ ఇస్తుంది. విలోమ స్పిన్ హాల్ ప్రభావం అంటారు. దీన్ని లోహాల్లో 2006లో చూశారు. మైక్రోవోల్టుల్లో ఉంటుంది, కానీ కొలవగలం.

అప్పుడు స్పిన్ కరెంటుకి అమ్మీటరు ఉన్నట్టేనా?

సూటిగా కొలిచేది లేదు. అంచున పేరుకున్న స్పిన్‌ని, ప్లాటినమ్ ఇచ్చే వోల్టేజీని, పక్కనున్న అయస్కాంతం మీద పడే మెలితిప్పుని కొలిచి, వెనక్కి లెక్కేసుకోవాలి. స్పిన్-ఆర్బిట్ బలంగా ఉన్నచోట స్పిన్ దారిలోనే మారిపోతుంది కాబట్టి, "ఇంత వచ్చింది, ఇంత పోయింది" అనే చిట్టా పద్దు సరిపోదు. అందుకే స్పిన్ కరెంటుకి ఒకే నిర్వచనం మీద సిద్ధాంతకారులు ఇప్పటికీ ఒప్పుకోలేదు. పరీక్షలో మాత్రం వేగం, స్పిన్‌ల గుణకారం సగటు రాయండి.

ప్లాటినమ్ అయస్కాంతం కాదు. అయినా స్పిన్ కరెంటు ఎలా ఇస్తుంది?

కాలాన్ని వెనక్కి తిప్పి చూడండి. వేగం తిరగబడుతుంది, స్పిన్ కూడా తిరగబడుతుంది. స్పిన్ కరెంటు ఈ రెండింటి గుణకారం. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం, కాబట్టి అది మారదు. అయస్కాంతత్వం మాత్రం మారిపోతుంది. అంటే స్పిన్ కరెంటు పుట్టడానికి అయస్కాంతత్వం తప్పనిసరి కాదు.

స్పిన్ ఎంత దూరం పోతుంది?

ఇదే అసలు ప్రశ్న.

ఇంట్లోంచి తెలుగులో మాట్లాడుకుంటూ బయలుదేరామనుకోండి. వీధి మలుపు దాకా తెలుగే. పెద్ద బజారులోకి వెళ్ళేసరికి ఎవరో ఒడియాలో పలకరిస్తారు, మనమూ ఒడియాలోకి దిగిపోతాం. ఎన్ని అడుగులకి ఒకసారి భాష మారుతుందో అదే మన "భాషా వ్యాపన దూరం". ఎలక్ట్రాన్ కూడా దారిలో మలినాలని, కంపనాలని గుద్దుకుంటూ పోతుంది. ప్రతి గుద్దుకీ దిక్కు మారుతుంది, స్పిన్ మాత్రం అంత తొందరగా మారదు. ఎంత దూరం పోయాక మారుతుందో దాన్ని స్పిన్ వ్యాపన దూరం అంటారు.

రాగిలో గది వేడిలో అది సుమారు 350 నానోమీటర్లు. 2001లో యెడెమా బృందం కొలిచింది, ద్రవ హీలియం చలిలో ఒక మైక్రోమీటరు వచ్చింది. ప్లాటినమ్‌లో కొన్ని నానోమీటర్లే. బరంపురం అప్పడం మందంలో లక్షో వంతు అనుకోండి. అందుకే ప్లాటినమ్ పొరలన్నీ అంత పలచగా వేస్తారు. మందం పెంచినంత మాత్రాన స్పిన్ ఎక్కువ రాదు, లోపల పుట్టింది లోపలే చస్తుంది.

మరి రాగి ఎందుకు నయం, ప్లాటినమ్ ఎందుకు కష్టం? రాగి పరమాణు సంఖ్య 29, స్పిన్-ఆర్బిట్ బలహీనం, స్పిన్ నిలుస్తుంది. ప్లాటినమ్ 78, స్పిన్-ఆర్బిట్ బలం, స్పిన్ తొందరగా మారిపోతుంది. కానీ స్పిన్ కరెంటు పుట్టించగలిగేది ప్లాటినమే, రాగి కాదు. పుట్టించే చెయ్యి, చంపే చెయ్యి ఒకటే. పిల్లలు ఎక్కువ పొరబడేది ఇక్కడే. "స్పిన్-ఆర్బిట్ ఎక్కువైతే మంచిదా చెడ్డదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఎక్కడ పుట్టించాలి, ఎక్కడ మోయించాలి అని విడదీసి అడగాలి. అందుకే ఈ రంగంలో ఎవరూ ఒకే లోహంతో పరికరం చెయ్యరు. ప్లాటినమ్‌లో పుట్టిస్తారు, రాగిలో లేదా గ్రాఫీన్‌లో మోయిస్తారు, చివర్లో మళ్ళీ ప్లాటినమ్‌లోనే కొలుస్తారు. గ్రాఫీన్ అంటే కర్బనమే, సంఖ్య 6, అందులో స్పిన్ మైక్రోమీటర్ల దాకా పోతుంది.

స్పిన్ చచ్చే దారులు రెండు ముఖ్యమైనవి. రాగి లాంటి సమమైన స్ఫటికాల్లో ప్రతి గుద్దుకీ స్పిన్ మారే అవకాశం కాస్త ఉంటుంది. గుద్దులు పెరిగితే స్పిన్ తొందరగా పోతుంది. దీనికి ఎలియట్, యాఫెట్ పేర్లు. గాలియం ఆర్సెనైడ్ లాంటి సమత్వం లేని స్ఫటికాల్లో గుద్దుకీ గుద్దుకీ మధ్యలో స్పిన్ తిరుగుతూ ఉంటుంది. గుద్దులు పెరిగితే అది తిరగడానికి తీరిక దొరకదు, స్పిన్ ఎక్కువకాలం నిలుస్తుంది. దీనికి మళ్ళీ డ్యాకొనోవ్, పెరెల్ పేర్లే. రెండూ ఎదురెదురు. ప్రశ్నపత్రం రాసేవాళ్ళకి ఇది తెగ ఇష్టం.

టాంటలంలో స్పిన్‌లు ఎదురు పక్కకి ఒరుగుతాయట, నిజమేనా?

నిజమే. ప్లాటినమ్‌ని ధనం అనుకుంటే టాంటలం, టంగ్‌స్టన్ రుణం. కారణం 5డి కక్ష్యలో ఎలక్ట్రాన్ల సంఖ్య. ప్లాటినమ్‌లో తొమ్మిది, సగానికి మించి నిండింది. టాంటలంలో మూడు, టంగ్‌స్టన్‌లో నాలుగు, సగం కూడా నిండలేదు. సగం లోపు స్పిన్, కక్ష్య ఎదురెదురు. సగం దాటితే ఒకే దిక్కు. ఇది హుండ్ మూడో నియమమే. బీటా టంగ్‌స్టన్‌లో ఈ మార్పిడి బలం సుమారు 0.3 దాకా వచ్చిందని 2012లో కొలిచారు, అంటే పంపిన కరెంటులో మూడోవంతంత స్పిన్ కరెంటు.

రష్బా ప్రభావం వేరేదా?

కాదు, అదే ముడి, వేరే చోట. గాలియం ఆర్సెనైడ్ లాంటి స్ఫటికంలోనే సమత్వం లేకపోతే చీలిక వస్తుందని 1955లో డ్రెసెల్‌హాస్ చెప్పాడు. స్ఫటికం అంచున, రెండు పదార్థాలు కలిసేచోట, పైన ఒకటి కింద ఒకటి అయినప్పుడు వచ్చేది రష్బాది. అక్కడ ఎలక్ట్రాన్ ఏ దిక్కుకి పోతుందో దాన్ని బట్టి దాని స్పిన్ ఏ దిక్కు చూడాలో తేలిపోతుంది. గేటు వోల్టేజీతో ఆ బలాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు. అయస్కాంతం లేకుండా, వోల్టేజీతో స్పిన్‌ని తిప్పొచ్చన్నమాట. దీనితో ఒక ట్రాన్సిస్టర్ చెయ్యొచ్చని 1990లో పర్డ్యూలో సుప్రియో దత్త, బిశ్వజిత్ దాస్ రాశారు. దత్త చదివింది ఖరగ్‌పూర్ ఐఐటీలో, మన హౌరా లైన్లోదే. ఆ ఊహ ఎంత అందమైనదో, దాన్ని గది వేడిలో పనిచేయించడం అంత కష్టమైంది. ఇప్పటికీ దుకాణానికి రాలేదు.

కరెంటు ప్రవహించని పదార్థంలో స్పిన్ కరెంటు ఉంటుందా?

ఉంటుంది, నాకు ఇందులో ఇష్టమైనది ఇదే. ఇట్రియం ఐరన్ గార్నెట్ అనే పదార్థం ఉంది, పొట్టిగా యిగ్ అంటారు. కరెంటు పోదు, అయస్కాంతం అవుతుంది. దాని లోపల ఎలక్ట్రాన్లు కదలకుండానే స్పిన్‌లు ఒకదానిపక్క ఒకటి ఊగుతూ అలలా సాగుతాయి. వరిచేలో గాలి పోతే కంకులు వంగినట్టు: కంకి కదిలిన చోటు నుంచి జరగదు, వంపు మాత్రం అవతలి గట్టుదాకా పోతుంది. 2010లో కాజివారా, సయితో బృందం యిగ్‌కి ఒక చివర ప్లాటినమ్‌లో కరెంటు పెట్టి, స్పిన్ అలగా దాటించి, రెండో చివర మరో ప్లాటినమ్‌లో వోల్టేజీ తీసింది.

ఛత్రపురం పిల్లలకి ఒక మాట. మీ ఊరి తీరం ఇసుకలో నల్లగా ఇల్మెనైట్, ఎర్రగా గార్నెట్ కలిసి ఉంటాయి. రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, మోనజైట్ కూడా. ఆ ఎర్ర గార్నెట్, ప్రయోగశాల యిగ్ ఒకే స్ఫటిక నిర్మాణం. అదిగో, అడగబోతున్నారు: ఇసుక గార్నెట్‌తో యిగ్ చెయ్యలేం. ఇసుకలోది ఇనుము, అల్యూమినియం, సిలికాన్ కలిసినది, పైగా మలినాల పుట్ట. యిగ్‌ని శుద్ధమైన ఆక్సైడ్‌లతో విడిగా పెంచాలి. కానీ నిర్మాణం చూడాలంటే గోపాలపూర్ బీచ్‌లో గుప్పెడు ఇసుక చాలు.

స్పిన్ కరెంటు వేడి పుట్టించదట. ఫోను వేడెక్కదా ఇక?

పేపర్లో చదివే ఉంటారు. సగం నిజం. శుద్ధ స్పిన్ కరెంటులో ఆవేశం మొత్తంమీద కదలదు, నిజమే. అయినా అప్, డౌన్ ఎలక్ట్రాన్లు రెండూ గుద్దుకుంటూనే పోతాయి కాబట్టి వేడి పూర్తిగా తప్పదు. దాన్ని పుట్టించిన ప్లాటినమ్‌లోనూ మామూలు కరెంటు పోతూనే ఉంది, ఆ తీగ మామూలుగానే కాలుతోంది. పైగా స్పిన్ మారినప్పుడల్లా కొంత శక్తి పోతుంది. అసలు నష్టం లేకుండా పోయే అంచు దారులు ఉన్నాయి. పాదరసం టెల్లూరైడ్‌లో వుర్జ్‌బర్గ్ బృందం 2007లో చూసింది. అప్ స్పిన్ ఒకవైపు, డౌన్ స్పిన్ ఎదురు వైపు, వెనక్కి తిరగడానికి దారి లేదు. కానీ అది తీవ్రమైన చలిలో.

మన చేతిలోని వస్తువుల్లో ఎక్కడైనా వాడుతున్నారా?

పాత కంప్యూటర్ విప్పితే కనిపించే హార్డ్ డిస్క్‌లో. 1988లో ఫెర్, గ్రూన్‌బర్గ్ అయస్కాంత పొరల మధ్య స్పిన్‌ల తేడా వల్ల నిరోధం బాగా మారుతుందని కనుక్కున్నారు. 1997కల్లా అది డిస్క్ చదివే ముల్లుగా మార్కెట్‌కి వచ్చింది. 2007లో ఇద్దరికీ నోబెల్. కనుక్కున్న తొమ్మిదేళ్ళకే బజారుకి రావడం ఫిజిక్సులో అరుదు. ఆ తర్వాత స్పిన్‌తో రాసే ఎమ్‌రామ్ మెమరీలు వచ్చాయి, కరెంటు తీసేసినా రాసింది పోదు. అందులో ఇప్పుడు పరిశోధన నడుస్తున్న రకం కింద టంగ్‌స్టన్ లాంటి పొర పెట్టి, స్పిన్ హాల్ మెలితిప్పుతో పైనున్న అయస్కాంతాన్ని తిప్పేది. రాయడానికి పంపే కరెంటు సున్నితమైన పొరలోంచి పోనక్కర్లేదు, పక్కనుంచి పోతుంది. పొర ఎక్కువకాలం మన్నుతుంది.

తేలిక లోహాల్లో ఏమీ లేదా?

ఇప్పటిదాకా చెప్పినదానికి ఇదొక కొత్త మలుపు. కొన్నేళ్ళుగా సిద్ధాంతకారులు అంటున్నారు, స్పిన్ కంటే ముందు కక్ష్య కోణీయ ద్రవ్యవేగమే పక్కకి ప్రవహిస్తుందని. దానికి స్పిన్-ఆర్బిట్ అక్కర్లేదు, తేలిక లోహమైనా చాలు. 2023లో టైటానియంలో అంచున పేరుకున్న కక్ష్య ద్రవ్యవేగాన్ని కాంతితో చూశారు. టైటానియం పరమాణు సంఖ్య 22, స్పిన్-ఆర్బిట్ బలహీనం. టైటానియం దేంట్లో ఉంటుందో ఛత్రపురం వాళ్ళు చెప్పండి. ఇందాకటి ఇల్మెనైట్‌లోనే.

ఇక్కడే ఉండి ఇది చదవొచ్చా, హైదరాబాదు పోవాలా?

పోనక్కర్లేదు. లౌడిగాం దగ్గర ఐసర్ బరంపురం (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ) ఉంది, 2016లో మొదలైంది. జట్ని దగ్గర నైసర్ అనే అలాంటి మరో సంస్థలో స్పిన్‌ట్రానిక్స్ (స్పిన్‌తో నడిచే ఎలక్ట్రానిక్స్) మీద పనిచేసే ప్రయోగశాలలున్నాయి, ఇక్కడనుంచి రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. ముందు క్వాంటమ్‌లో కోణీయ ద్రవ్యవేగం అధ్యాయం బాగా రావాలి. అది రాకపోతే ఎక్కడికెళ్ళినా ఇబ్బందే.

సోడియం జంట గీతల్లో ఏది ఎక్కువ వెలుగుతుంది? రికార్డులో రెండూ సమానం అని రాశాను.

మార్చి రాయండి. 589.0 గీత 589.6 గీతకి సుమారు రెండింతలు వెలుగుతుంది. స్పిన్, కక్ష్య ఒకే దిక్కున ఉన్న పై స్థాయిలో నాలుగు స్థితులున్నాయి, ఎదురెదురుగా ఉన్న కింది స్థాయిలో రెండే. ఎక్కువ స్థితులున్నచోట ఎక్కువ పరమాణువులు. కాలేజీ దీపం మరీ వేడెక్కాక చూస్తే ఆ తేడా తగ్గినట్టు కనిపిస్తుంది. దీపంలోని సోడియమే తన వెలుగుని తాను మింగుతుంది, అదీ బలమైన గీతని ఎక్కువగా. కాబట్టి దీపం వెలిగించిన మొదట్లోనే, రెండో ఆర్డరులో చూసి, స్లిట్ సన్నగా పెట్టి రాసుకోండి.